సగం మనిషికి తెర కట్టిన రోజు

మా లోయలో ఎవరింట్లో ప్రాణం పోయినా మొదటి కబురు మా బురుల్ అక్కకే వచ్చేది. నమాజు చదివే మొల్దో కాస్త ఆలస్యంగా వచ్చినా పోయినవాళ్ళు ఏమీ అనుకోరు. ఏడుపు పాట లేకుండా మాత్రం శవాన్ని ఒక్క పూట కూడా ఉంచకూడదు. పూర్వం గుర్రం పంపేవాళ్ళు, తరవాత తరవాత జీపులు పంపారు. ఆవిడ నల్ల తలగుడ్డ చుట్టుకుని బయల్దేరేది, వెనకాల మేము.

బురుల్ నాకు తోటికోడలు, మా బావగారి భార్య. బావగారు పోయి చాలా కాలమైంది. మా రెండిళ్ళకీ మధ్య ఒక కంచె ఉంది, ఆ కంచెకి మేమిద్దరం కలిసి చేసిన కంత ఉంది. నేను పెళ్ళై వచ్చినప్పుడు రొట్టె కాల్చడం, ఉన్ని తడిపి తొక్కి చుట్టి పరుపు చెయ్యడం, మగవాళ్ళు తాగి వస్తే ఏ మాట అనాలో ఏ మాట మింగాలో, అన్నీ నేర్పింది ఆవిడే. ఏడుపు పాట కూడా నేర్పబోయింది గానీ నాది మేకగొంతు. "నువ్వు పాడితే శవం లేచి వెళ్ళిపోతుందే నురిపా," అని వదిలేసింది.

ఆ పాటకి కూర్చునే తీరే వేరు. చావింటి వాకిట్లో వేసే ఉన్ని గుడారంలో ఆడవాళ్ళవైపు, గుమ్మానికి వీపు పెట్టి, గోడకేసి మొహం తిప్పి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కూర్చోవాలి. పోయినవాళ్ళు పక్కనే తెర వెనకాల ఉంటారు. వాళ్ళు వింటూనే ఉంటారని మా నమ్మకం. అందుకని పాటలో అబద్ధం చెప్పకూడదు. బయట బంధువులు కూడా వింటారు కాబట్టి నిజం చెప్పి పరువూ తీయకూడదు. ఒకసారి పక్క ఊళ్ళో గుర్రాల దొంగ ఒకడు పోయాడు. ఏం పాడుతుందా అని అందరం చెవులు నిక్కించుకుని కూర్చున్నాం. బురుల్ గొంతు సవరించుకుని అందుకుంది:

"ఏ మందలో గుర్రమైనా నీ ఈల వింటే వెంట నడిచేదే,
చీకటి నీకు చుట్టమాయె, కొండదారి నీకు పడకాయె..."

బయట గుర్రాలు పోగొట్టుకున్న మగవాళ్ళు మీసాలు కొరుక్కుంటూ నవ్వాపుకున్నారు. దొంగ పెళ్ళాం మాత్రం, మా ఆయన్ని ఎంత బాగా పొగిడావు తల్లీ అని బురుల్‌ని కావలించుకుంది.

ఈ పాటకి ఒక కట్టడి ఉంది. చావు లేని ఇంట్లో దీన్ని పాడకూడదు. నేర్చుకునే ఆడపిల్లలు ఏటి ఒడ్డుకి పోయి రాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకోవాలి, నెత్తిమీద కప్పు ఉండకూడదు. ఆవు పాలు పితుకుతూ ఊరికే కూనిరాగం తీసినా పెద్దవాళ్ళు చెంప పగలగొడతారు. ఆ పాట కప్పు కింద వినపడిందంటే చావుకి మన ఇంటి గుర్తులు చెప్పి పిలిచినట్టే.

ఇలాంటి చోట బురుల్‌కి ఆ జబ్బు వచ్చింది.

మంచు కరుగుతున్న రోజులు. ఇంటికి ఎవరో వస్తే టీ పోస్తోంది. మామూలుగా టీ పొయ్యాల్సింది కోడలు జిపర్. అయితే ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి, వంగలేకపోతోంది. బురుల్ గిన్నె నింపి కుడిచేత్తో అందించబోయింది. చేతిలో గిన్నె చేతిలోనే ఉండి అలా పక్కకి ఒరిగిపోయింది. టీ అంతా కారుతోంది, ఆవిడ దానివంక వేరే ఎవరి చేతినో చూస్తున్నట్టు చూస్తోంది. ఆ తరవాత నోరు కుడిపక్కన కిందికి జారింది. మనిషీ ఒరిగింది.

పట్నం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి తీసుకొచ్చారు. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడిపోయాయి. మాట పోయింది. చెప్పాలని నోరు తెరుస్తుంది, "మ... మ..." అంటుంది, చెమటలు పడతాయి, ఊరుకుంటుంది. మేం అనేది మాత్రం అర్థమయ్యేది. జోకు వేస్తే ఎడమ పెదవి నవ్వేది.

సూది మందు వెయ్యడానికి వచ్చే నర్సమ్మని అడిగాను. "కుడి చెయ్యి పడిపోతే నోరెందుకు పోవాలమ్మా? నోరు మధ్యలో కదా ఉంది?"

"తలకాయలో ఎడమ సగం కుడి చేతిని నడుపుతుంది పెద్దమ్మా. మాట కూడా చాలామందికి ఆ ఎడమ సగంలోనే ఉంటుంది. ఈవిడకి అక్కడే నెత్తురు గడ్డ కట్టింది."

"అంటే తలలో కూడా మన గుడారంలో లాగా ఆడవాళ్ళవైపు, మగవాళ్ళవైపు ఉంటాయా?"

నర్సమ్మ నవ్వింది. "అలాగే అనుకో. ఏ సామాను ఏ పక్క పెట్టాలో దానికీ ఒక పద్ధతుంది."

"మరి రెండో పక్క ఏముంటుంది?"

"చాలా ఉంటాయి. మొహాలు గుర్తుపట్టడం, పాట..."

ఆ చివరి మాట నేను అంతగా పట్టించుకోలేదు.

రెండ్రోజులకి నేను మా కొట్టంలో ఆవు దగ్గర కూర్చుని ఉండగా కంచె అవతలనించి ఏడుపు పాట వినపడింది. మంచి ఎండ కాస్తున్న వేళ. గొంతు బురుల్‌దే. మాట మాటా స్పష్టంగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు.

"ఒక్క కడుపున ముడుచుకు పడుకున్నామే, తోడబుట్టినదానా,
నన్నొదిలి నువ్వు ముందు నడిచావే..."

పాలచెంబు ఎక్కడ పడేశానో తెలీదు. జిపర్ పోయింది, లేదా బిడ్డ పోయింది అనుకుంటూ కంతలోంచి దూరి పరిగెత్తాను. ఈలోపు ఏటి అవతల ఇళ్ళకి కూడా వినపడిపోయింది. మా మగవాళ్ళు ఏడుపు పాట వింటే ఆగి అడగరు. గుర్రమెక్కి, జీను మీద పక్కకి వాలి, గొంతెత్తి ఏడుస్తూ రావాలి. అలాగే వచ్చారు. ముందు మా ముసలాయన ఇమాష్, వెనక ఇంకో నలుగురైదుగురు. "ఓ నా తోడబుట్టినదానా! ఓ నా అండా!" అని లోయంతా మారుమోగిస్తూ.

గుమ్మం ముందు బురుల్ కొడుకు సాగిన్ గొడ్డలి పట్టుకుని కట్టెలు కొడుతున్నవాడు అలాగే నిలబడిపోయాడు. వాడి వెనక జిపర్, పొట్ట పట్టుకుని, బతికే ఉంది.

ఇమాష్ ఏడుపు ఆపి అడిగాడు. "ఎవర్రా?"

"ఎవరూ లేరు బాబాయ్."

"మరి పాట?"

"అమ్మ."

"అమ్మ పోయిందా?"

"అమ్మ పాడుతోంది."

"అంటే తనకోసం తనే పాడుకుంటోందా?" అన్నాడు వెనకనించి ఒకాయన, నవ్విద్దామని. ఎవరూ నవ్వలేదు. లోపలనించి పాట ఆగలేదు.

కాసేపు అందరూ గుర్రాల మెడలు నిమురుతూ నిలబడ్డారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఏమీ ముట్టకుండా తిరిగిపోతే ఇంటికి అరిష్టం. "ఎత్తిన ఏడుపు మళ్ళీ జేబులో పెట్టుకోలేం కదా, టీ పెట్టమ్మా," అన్నాడు ఇమాష్. అందరూ కూర్చుని తలొంచుకుని తాగారు. లోపల పాడుతూనే ఉంది. వెళ్ళేటప్పుడు ఒక్కళ్ళు కూడా మళ్ళీ వస్తామనలేదు.

ఆ రోజునించి అదే వరస. మాట అనబోతే పాట వచ్చేది. నీళ్ళు అడగబోయినా అదే, దుప్పటి తియ్యమని చెప్పబోయినా అదే. వేరే పాటలు వస్తాయేమోనని నేను జోలపాట, పెళ్ళిపాట ఎత్తి అందించి చూశాను. నోరు కలిపేది, రెండు అడుగులు వెయ్యగానే దారి తప్పి మళ్ళీ ఆ ఏడుపులోకే పోయేది. నర్సమ్మని అడిగితే, జన్మంతా ఏ దారిన ఎక్కువ నడిచిందో ఆ దారే మిగిలి ఉంటుంది పెద్దమ్మా అంది. కావచ్చు. కానీ బురుల్‌కి వందల పాటలొచ్చు. తండ్రికి పాడేవి, మొగుడికి పాడేవి, బిడ్డకి పాడేవి. వాటిలో ఒకటీ రాలేదు. తోడబుట్టినదానికి పాడేదే వచ్చేది. బురుల్‌కి అక్కచెల్లెళ్ళు లేరు. వాళ్ళమ్మకి ఆవిడొక్కతే ఆడపిల్ల.

జిపర్‌కి నిద్ర కరువైంది. "ఒక్క కడుపున, ఒక్క కడుపున అంటోంది చిన్నత్తా, కడుపుతో ఉన్నది ఈ ఇంట్లో నేనేగా?" అనేది. ఒకరోజు సూప్ గిన్నె తీసుకెళ్ళి అత్త ముందు పెట్టింది. బురుల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడల్ని దీవిద్దామనుకుంది కాబోలు, నోరు తెరిచింది. వచ్చింది అదే పాట, కోడలి కళ్ళలోకి చూస్తూ. జిపర్ కేకపెట్టి బయటికి పరిగెత్తింది. బురుల్ ఎడమచేత్తో తన నోరు తానే గట్టిగా మూసుకుంది. పాట వేళ్ళ మధ్యనించి వస్తూనే ఉంది.

ఆ సాయంత్రం సాగిన్ మా ఇంటికొచ్చాడు. కూర్చోకుండానే చెప్పాడు.

"పిన్నీ, అమ్మని కొండమీద గుడిసెలో పెడతా."

"గొర్రెల కొట్టం పక్కనున్న దాంట్లోనా?"

"పొయ్యి ఉంది. చూసుకోడానికి ఒకామెని పెడతా. వచ్చే వారం గొర్రెల్ని పైకి తోలేటప్పుడు లారీలో..."

"సగం కదల్లేని మనిషిని గొర్రెలతో పాటు ఎక్కిస్తావన్నమాట. ఆ పాట వింటూ జీతానికి ఎవత్తి ఉంటుందిరా? రెండో రోజే పారిపోతుంది. ఆ తరవాత?"

"నన్నేం చెయ్యమంటావు మరి?" అన్నాడు. "ఇటు అమ్మ, అటు బిడ్డ. జిపర్ పుట్టింటికి పోతానంటోంది. ఊళ్ళో ఎవరూ మా గుమ్మం తొక్కట్లేదు. చివరికి కుక్క కూడా లోపలికి రావట్లేదు పిన్నీ."

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాడు మంచివాడు. కానీ గుడిసెకి పంపడమంటే ఏమిటో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. బురుల్‌ని దిండ్ల మధ్య కూర్చోబెట్టి ఉంచారు. ఎలా తిరిగిందో, మొహం గోడకేసి ఉంది. ఎడమచెయ్యి నడుం మీద ఉంది. మెల్లగా పాడుతోంది. కుడిచెయ్యి పక్కన దుప్పటి మీద పడి ఉంది, దానిమీద మోచేతిదాకా తెల్ల రుమాలు కప్పి ఉంది.

చలేస్తోందేమోనని రుమాలు తీసి చెయ్యి రుద్దబోయాను. ఫట్ మని నా చేతిమీద కొట్టింది. రుమాలు లాక్కుని మళ్ళీ కప్పింది. కప్పేముందు ఆ వేళ్ళని ఒక్కొక్కటే చాపి, సర్ది, మణికట్టు దగ్గర గుడ్డ కిందికి మడిచింది. ఆ మడత నాకు తెలుసు. మా అత్తగారు పోయినప్పుడు మొహం మీద గుడ్డ అలాగే మడిచాం, ఇద్దరం కలిసి.

రుమాలు కింద చెయ్యి చూపించి అడిగాను.

"అక్కా... పోయింది ఈవిడా?"

పాట దానంతటదే ఆగింది. జబ్బు పడ్డాక ఎవరూ ఆపమనకుండా ఆగడం అదే మొదలు. బురుల్ నావైపు తిరిగింది. ఎడమకన్ను తడిగా ఉంది, కుడికన్ను పొడిగా ఉంది. మెల్లగా తలూపింది.

చావింటికి వెళ్ళినవాళ్ళు అనే మాటే నోట్లోంచి వచ్చేసింది. "ఆవిడ మీద మట్టి పట్టులా మెత్తగా ఉండాలి," అన్నాను. బురుల్ పుట్టెడు దుఃఖంలో ఉన్న బంధువులాగా తలొంచి, ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చి ఇమాష్‌తో చెప్పాను. "మనమందరం చావు లేని ఇంట్లో పాడుతోందని భయపడుతున్నాం. ఆ ఇంట్లో చావు ఉంది. గిన్నె జారిన రోజే జరిగింది. మనమెవ్వరం పలకరించలేదు, తెర కట్టలేదు, ఏడవలేదు. పాపం ఒక్కతే ఎంతకని ఏడుస్తుంది?"

పొగాకు నలుపుతున్న ఇమాష్ తలెత్తాడు. "అయితే గుడారం వెయ్యమంటావు."

"వెయ్యి."

"గొర్రెని కొయ్యమంటావు."

"కొయ్యి."

"బయట నిలబడి నేను ఏడవాలి."

"మరిది ఏడవకపోతే ఎవరేడుస్తారు?"

"ఏమనే ఏడవను? సగం వదినా అననా?"

"నీ ఇష్టం ముసలాయనా. కన్నీళ్ళు కూడా సగమే కార్చు, ఎవరొద్దన్నారు?"

మొల్దో దగ్గరికి వెళితే మండిపడ్డాడు. ఊపిరున్న మనిషికి నమాజు చదవడం పాపమన్నాడు. నమాజు వద్దు, గొయ్యి వద్దు, మీరసలు రావద్దు, మేం ఆడవాళ్ళం చేసేది చేసుకుంటాం అన్నాను. ఆయన నా వంక చూసి, మీకు పిచ్చి పట్టింది అన్నాడు గానీ అడ్డం రాలేదు.

అసలు భయం జిపర్ ఏమంటుందోనని. అంతా విని గోడకి ఆనుకుని నిలబడింది.

"చిన్నత్తా, అంటే నేనిన్నాళ్ళూ శవం ఉన్న ఇంట్లో తిరుగుతున్నానా?"

"తిరిగావు. నీకేమీ కాలేదుగా. పంపాల్సినవాళ్ళని పంపకపోతేనే భయం."

"నా బిడ్డ మీద పాట కాదు కదా?"

"కాదే పిచ్చిదానా. తన చేతిమీద."

జిపర్ లోపలికెళ్ళి పెట్టె తెరిచింది. తన పెళ్ళినాటి తెర తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎర్రపట్టు మీద పొట్టేలు కొమ్ముల కుట్టుపని. కొత్త కోడల్ని మొదటిరోజు దాని వెనకాలే కూర్చోబెడతాం. "పాత గుడ్డ కట్టకండి అత్తకి," అంది. కడుపుతో ఉన్నవాళ్ళు శవం దగ్గరికి రాకూడదు కాబట్టి తను ఇంట్లోనే ఉండిపోయింది.

పొద్దున్నే వాకిట్లో గుడారం వేశారు. బురుల్‌ని తీసుకొచ్చి ఆడవాళ్ళవైపు పడుకోబెట్టాం. తెర ఎక్కడ కట్టాలన్నది ఎవరికీ తెలీదు. మామూలుగా పోయినవాళ్ళు ఒక పక్క, ఏడ్చేవాళ్ళు ఒక పక్క. ఇక్కడ ఇద్దరూ ఒక్క పరుపు మీదే. చివరికి తాడు కట్టి, తెర సరిగ్గా ఆవిడ మధ్యలో పడేలా వదిలాం. గుండె మీదనించి, గడ్డం మీదనించి, ముక్కు మీదనించి. బురుల్ ఎడమచేత్తో దాన్ని ఒక వేలెడు కుడికి జరిపింది. సరిపోయింది.

ఎడమసగం ఆడవాళ్ళతో ఉంది. కుడిసగం తెర వెనకాల ఉంది. కడగడానికి అటువైపు వెళ్ళింది నేను ఒక్కదాన్నే.

గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నా, అటునించి చూస్తే అది మా బురుల్‌లా లేదు. నున్నగా, ముడతలు లేకుండా, వయసు తెలియని మొహం. కన్ను తెరిచే ఉంది, నన్ను చూడట్లేదు. అప్పుడు అవతల పాట మొదలైంది. ఆ గొంతు గుడారమంతా నిండిపోయింది. ఇటు నా ముందున్న పెదవి మాత్రం కదల్లేదు. పాట వస్తోంది, నోరు మూసుకునే ఉంది.

ఎలాగో కాలు కడిగాను. చెయ్యి కడిగాను. తెల్లగుడ్డ చుడుతూ, పోయినవాళ్ళని అడిగినట్టే అడిగాను. "నేనేమన్నా తప్పు మాట అని ఉంటే క్షమించు," అన్నాను. గుడ్డలోపల వేళ్ళు నా చిటికెనవేలు చుట్టూ ముడుచుకున్నాయి. గట్టిగా ఏమీ కాదు. పసిపిల్లలు పట్టుకున్నట్టు. నరాలు అలా లాగుతూ ఉంటాయని నర్సమ్మ తరవాత చెప్పింది. నేను వేలు విడిపించుకుని, ముడి వేసి, ఇవతలికొచ్చాను. ఆ రోజు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బయట ఇమాష్ కర్రమీద వాలి మొదలెట్టాడు. "ఓ నా వదినా! ఓ నా కుడిచేతి వదినా! ఎవరు పోస్తారు నాకు టీ, ఓ వదినా!" పక్కన నిలబడ్డ మగవాళ్ళు ముందు కిసుక్కుమన్నారు. అయితే బురుల్ టీ తాగనివాళ్ళు, ఆవిడ కాల్చిన రొట్టె తినని వాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. కాసేపటికి నవ్వులు పోయి నిజంగానే ఏడిచారు.

లోపల మేమందరం గోడకేసి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. బురుల్ పాత పాట చరణాలన్నీ పాడింది. అవి అయిపోయాక ఒక్క క్షణం ఆగింది. ఆగి ఇలా అంది:

"నువ్వు అందించిన గిన్నెకి నేను అడుగు పట్టానే,
నువ్వు పిసికిన పిండికి నేను పళ్ళెం ఒరిగించానే,
పేరు నీదాయె, నీడ నాదాయె, తోడబుట్టినదానా,
ఇకమీద నేనొక్కదాన్నే ఎవరికి గిన్నె అందిస్తానే..."

జన్మంతా ఆవిడ వెనకాల కూర్చుని ఆ పాటలు విన్నదాన్ని. ఈ చరణాలు ఎప్పుడూ వినలేదు. కొత్త మాట ఒక్కటీ రాదన్నారు ఆసుపత్రిలో. ఎక్కడనించి వచ్చాయో నాకు తెలీదు. పక్కనున్న ఆడవాళ్ళ వీపులన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి.

ఆ రోజు తరవాత పాట పద్ధతిలో పడింది. మాలో మొగుడు పోయినవాళ్ళు ఏడాదిపాటు పొద్దు పొడిచేటప్పుడొకసారి, పొద్దు గుంకేటప్పుడొకసారి పాడతారు. బురుల్ కూడా అంతే. మిగతా పొద్దంతా నిమ్మళంగా ఉండేది, ఏం కావాలన్నా ఎడమచేత్తో చూపించేది. చావున్న ఇంట్లో పాట కాబట్టి ఊళ్ళో ఎవరూ భయపడలేదు. మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి. గొర్రెలు బురుల్ లేకుండానే కొండెక్కాయి. జిపర్‌కి ఆడపిల్ల పుట్టింది, బిడ్డా తల్లీ క్షేమం. ఎడమచేత్తో ఇచ్చింది ఎవరూ పుచ్చుకోకూడదు మాలో. పురుడయ్యాక బురుల్ ఎడమచేత్తో టీ గిన్నె చాపితే జిపర్ రెండుచేతులా అందుకుని తాగింది. నేను చూశాను.

భయమంతా పోయిందని మాత్రం అనను. ప్రతి గురువారం పోయినవాళ్ళ కోసం నూనెలో పిండి వేయించి ఇంట్లో ఆ వాసన లేపుతాం. జిపర్ వేయించి, వేడిది ఒకటి బురుల్ కుడిపక్కన గుడ్డమీద పెట్టేది. ఒక గురువారం నన్ను కంత దగ్గరికి పిలిచింది. మొహం పాలిపోయి ఉంది.

"చిన్నత్తా, నేను పిండి తడిపి బిడ్డకి పాలివ్వడానికి వెళ్ళా. వచ్చేసరికి ముద్దలు చేసి ఉన్నాయి."

"ఎడమచేత్తో చేసి ఉంటుందిలే."

"ఎడమచెయ్యి శుభ్రంగా ఉంది." గొంతు తగ్గించింది. "పిండి కుడివేళ్ళకి ఉంది. గుడ్డలోపల."

"కడిగావా?"

"కడిగా."

"అయితే ఊరుకో. బిడ్డ ఏడుస్తోంది, వెళ్ళు."



అలా ఏడాది దగ్గరపడింది. ఏడాది నిండాక పెద్ద విందు పెట్టి నల్లబట్ట తీసేస్తాం. అప్పటితో పోయినవాళ్ళు పూర్తిగా వెళ్ళిపోతారు. ఆ తరవాత పాట పాడకూడదు, పాడితే వాళ్ళకి దారి దొరకదు. ఇది అందరికీ తెలిసిందే. ఆ పాట తీసేస్తే బురుల్‌కి ఇంకేం మిగులుతుంది? గుడిసెకి పంపకుండా ఆపింది ఇందుకా అనిపించింది.

ఒక సాయంత్రం పెద్దమనుషులు ముగ్గురు వచ్చి కూర్చున్నారు, మా ఇమాష్ కూడా. జిపర్ టీ పోస్తోంది. సాగిన్ తలొంచుకుని ఉన్నాడు. బురుల్ తన మూల దిండ్ల మధ్య ఉంది, అన్నీ వింటోంది.

అందరిలోకీ పెద్దాయన అడిగాడు. "విందు ఎప్పుడు పెడుతున్నార్రా? గొర్రె చూసుకున్నారా?"

సాగిన్ నోరు విప్పేలోపు జిపర్ అంది. "పెట్టట్లేదు తాతా."

"అదేంటమ్మా?"

"మా ఇంట్లో పోయినావిడ ఇంకా వెళ్ళలేదు. వెళ్ళాక పెడతాం."

పెద్దాయన గిన్నె కింద పెట్టాడు. "తెలియక అంటున్నావు. ఏడాది దాటి ఉంచుకుంటే మంచిది కాదు. పోయినవాళ్ళు ఒంటరిగా ఉండలేరు తల్లీ. ఉన్నవాళ్ళని తమవైపు లాక్కుంటారు. పసిబిడ్డ ఉన్న ఇల్లు."

జిపర్ కళ్ళు బిడ్డవైపు పోయాయి. నేను చూశాను. పాటకి జడిసి పుట్టింటికి పోతానన్న పిల్ల ఆ పిల్లే కదా. టీ పొయ్యడం ఆపి అత్తవైపు చూసింది. బురుల్ ఎడమచెయ్యి తన నోటిమీద ఉంది, గట్టిగా మూసుకుని. ఆ రోజు సూప్ గిన్నె దగ్గర మూసుకున్నట్టే.

జిపర్ లేచి వెళ్ళి ఆ చెయ్యి మెల్లగా తీసింది.

"లాగితే నన్ను లాగనీ తాతా," అంది. "ఈవిడ నోరు మాత్రం నేను మూయించను. పొద్దు గుంకుతోంది అత్తా. నీ వేళైంది."

బురుల్ గోడకేసి తిరిగింది. ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుంది. పెద్దాయన గిన్నె బోర్లించి లేచాడు, మిగతావాళ్ళూ లేచారు. గుమ్మం దాటేటప్పుడు మా ఇమాష్ అలవాటు కొద్దీ సన్నగా "ఓ వదినా" అనుకుంటూ వచ్చాడు.

ఆ విందు ఇంతవరకూ పెట్టలేదు. మనవరాలు నడుస్తోంది. బురుల్ ఇప్పటికీ పొద్దున్నా సాయంత్రమూ పాడుతుంది, మనిషి కూడా కాస్త ఒళ్ళు చేసింది. నేను రోజూ కంతలోంచి వెళ్ళి కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పి వస్తాను. కూర్చుంటే ఎడమపక్కనే కూర్చుంటాను. ఆ రెండోపక్క మనిషి ఉంది.